కొడుకు బండి మంచులో గిర్రున తిరిగింది, అమ్మేయమనాలా?

హైదరాబాద్‌లో కుషాయిగూడ వైపు ఉండే ఒక పెద్దాయన ఈ వారం నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ఒక్క యాక్సిడెంట్ కూడా చేయలేదని డిపోలో శాలువా కప్పారట. ఒక్కడే కొడుకు. అమెరికాలో బఫెలోలో ఎమ్మెస్ చదివి అక్కడే ఉద్యోగంలో చేరాడు. పెళ్లయి రెండేళ్లు. కోడలికి ఇప్పుడు ఏడో నెల, ఫిబ్రవరిలో పురుడు. జనవరి రెండో వారంలో వీళ్లావిడ ఒక్కరే విమానం ఎక్కి వెళ్తున్నారు.

జూన్‌లో ఆ అబ్బాయి ఎర్ర మస్టాంగ్ అనే స్పోర్ట్స్ కారు కొన్నాడు. 2016 మోడల్, సెకండ్ హ్యాండ్, పెద్ద ఇంజన్ ఉన్న జీటీ. వీడియో కాల్‌లో చూసి మొదట మురిసిపోయింది తానేనని, పాత డిపోవాళ్లందరికీ ఫొటో పంపానని ఆయనే రాశారు. నవంబరు చివర్లో కోడలు అత్తగారికి ఫోన్ చేసి ఏడ్చింది. మొదటి మంచు పడ్డ రోజు సాయంత్రం హైవే దిగే వంపు మీద బండి ఒక్కసారిగా గిర్రున తిరిగి, వచ్చిన దారికి ముఖం పెట్టి, పక్కనున్న మంచు గట్టుకు గుద్దుకుని ఆగిందట. ఆ అమ్మాయి బండిలోనే ఉంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. "మామయ్యగారికి చెప్పకండి అత్తయ్యా" అంది. ఆ తల్లి రాత్రంతా నిద్రపోలేక తెల్లారేసరికి చెప్పేశారు.

ఈయన వెంటనే ఫోన్ చేసి "ఆ బండి రేపే అమ్మేయ్" అన్నారు. "ఇసుక బస్తాలు డిక్కీలో వేసి నడుపు, బస్సు కూడా వెనక చక్రాల బండే, నాకు తెలుసు" అని కూడా అన్నారు. కొడుకు విసుగ్గా "నువ్వు నడిపింది హైదరాబాద్‌లో నాన్నా, మంచు గురించి నీకేం తెలుసు?" అన్నాడు. మూడు వారాలుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఎందుకు చెప్పావని కొడుకు తన భార్య మీద కోప్పడటంతో కోడలు కూడా ఇప్పుడు "అంతా బాగానే ఉంది" తప్ప ఇంకేమీ చెప్పడం లేదు. డల్లాస్‌లో ఉన్న బావమరిది నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండి కొంటే ఏ గొడవా ఉండదంటున్నాడు. ఈయన దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 6 లక్షలున్నాయి, పంపడానికి సిద్ధం. "టైర్లు కొత్తవే, అసలు అరగలేదు అంటాడు. మరెందుకు తిరిగింది? పట్టుపట్టి అమ్మించాలా, నోరు మూసుకుని కూర్చోవాలా? రాత్రి పదిన్నర దాటితే వాడు ఇంకా ఆఫీసు నుంచి ఇంటికి చేరలేదన్నట్టు గుండె దడగా ఉంటుంది. వాళ్లకు అది మధ్యాహ్నమేనని తెలిసినా సరే." ఇదీ ఉత్తరం.

అన్నయ్యగారూ, నమస్కారం.

నేను బఫెలోకు 120 కిలోమీటర్ల దూరంలో ఉండే రాచెస్టర్‌లో ఎనిమిది చలికాలాలు బండి నడిపాను. మొదటి డిసెంబరులో ఒక చిన్న వాలు దిగుతూ రెడ్ లైట్ చూసి బ్రేకు తొక్కాను. కాలి కింద పెడల్ గరగరలాడింది, బండి ఆగలేదు. నడిచే మనిషి వేగంతో, నా కళ్లముందే, జారుకుంటూ చౌరస్తా మధ్యలోకి వెళ్లి నిలబడింది. అటు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి ఈ రోజు మీకు జవాబు రాస్తున్నాను. మా అమ్మకు ఆ సంగతి చెప్పింది ఇండియాకు వచ్చేశాకే. ఏడేళ్లకు పైగా దాచాను. చెబితే "ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు, వచ్చేయ్" అంటుందని తెలుసు. మీ అబ్బాయి మీ దగ్గర దాచిన పద్ధతి నాకు కొత్త కాదు. అందులో మీమీద అగౌరవం లేదు. భయపడ్డవాడే దాస్తాడు.

ముందు బండి సంగతి చూద్దాం. ఎందుకంటే మీ ఇద్దరి మధ్య గొడవలో సగం "ఎందుకు తిరిగింది" అన్నదానికి సరైన జవాబు దొరక్కపోవడం వల్ల వచ్చిందే.

మీరు అన్నది నిజం. బస్సు వెనక చక్రాల బండే. అంబాసిడర్ కూడా అంతే. ముందు ఇంజన్, కింద షాఫ్టు, వెనక చక్రాలు తోస్తే బండి నడుస్తుంది. మస్టాంగ్ కూడా అదే పద్ధతి. కానీ మీ బస్సులో వెనక ఇరుసుకు నాలుగు టైర్లు. జనం ఎక్కేకొద్దీ బరువు ఎక్కువగా పడేది వాటి మీదే. కోఠి నుంచి పటాన్‌చెరు వెళ్లే 218లో నిలబడటానికి చోటు లేనప్పుడు వెనక టైర్లు రోడ్డును ఎలా పట్టుకుంటాయో నేను మీకు చెప్పక్కర్లేదు. ఖాళీ బస్సును డిపోకు తెస్తున్నప్పుడు వానలో వెనక భాగం ఎంత తేలిగ్గా ఉంటుందో కూడా మీకు తెలుసు. మస్టాంగ్ ఎప్పుడూ ఖాళీ బస్సే. దాని బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే ఉంటుంది. తేలికగా ఉన్న ఆ వెనక రెండు టైర్లకు 435 హార్స్ పవర్ ఇంజన్ శక్తి అందుతుంది. మీరు నడిపిన ఆర్డినరీ బస్సు ఇంజన్‌కు ఇందులో సగం శక్తి కూడా ఉండదు, కానీ అది లాగే బరువు చాలా రెట్లు ఎక్కువ. కాబట్టి బస్సులో మీరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా వెనక టైరు జారదు. మస్టాంగ్‌లో మంచు మీద బొటనవేలు కాస్త ఎక్కువ నొక్కితే చాలు.

ఇంకొకటి. ఆ బండి వెనక హౌసింగ్‌లో లిమిటెడ్ స్లిప్ అనే ఏర్పాటు ఉంటుంది. మామూలు బండిలో ఒక చక్రం జారితే అదొక్కటే తిరుగుతుంది, రెండోది పక్కకు పోకుండా పట్టుకుని ఉంటుంది. ఇందులో రెండూ కలిసి తిరుగుతాయి. గుంటలోంచి బయటికి రావడానికి అది మంచిదే. వంపులో మాత్రం రెండూ ఒకేసారి పట్టు వదిలేస్తే వెనక భాగాన్ని ఆపేదేమీ ఉండదు, బండి తోక ముందుకు వస్తుంది. తోక జారగానే కొత్తవాడు ఎవరైనా బ్రేకు తొక్కుతాడు. తొక్కితే బరువు ఇంకా ముందుకు వాలి వెనక మరీ తేలికవుతుంది. హైవే దిగే వంపు మీద జరిగింది బహుశా ఇదే. పైగా అలాంటి వంపులు కొన్ని వంతెనల్లా ఎత్తు మీద ఉంటాయి. కింద నేల వెచ్చదనం ఉండదు కాబట్టి మామూలు రోడ్డు కన్నా ముందే అక్కడ నీళ్లు గడ్డకడతాయి. నల్లగా, తడి రోడ్డులాగే కనిపిస్తుంది. దాన్ని బ్లాక్ ఐస్ అంటారు.

ఇక టైర్లు. ఈ జవాబులో నేను మీకు చెప్పాలనుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. "కొత్తవే, అరగలేదు" అన్న మాట వినగానే మీరు నిశ్చింత పడ్డారు. మన దగ్గర టైరు అంటే గీతలే. గీత లోతుగా ఉంటే పట్టు ఉన్నట్టు. గీతల కన్నా ముందు రబ్బరు మెత్తదనం ఉంటుందని మనకు తెలియాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే హైదరాబాద్‌లో టైరు 7 డిగ్రీల కన్నా చల్లబడే రోజు దాదాపు ఉండదు. స్పోర్ట్స్ కార్లకు తరచుగా సమ్మర్ టైర్లు వేస్తారు. ఎండాకాలపు రోడ్డు మీద అవి జిగురులా అంటుకుంటాయి. చలి 7 డిగ్రీలకు దిగిందంటే ఆ రబ్బరు గట్టిపడటం మొదలవుతుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చపాతీ పిండిని పీటకు అదిమి చూడండి, అలా అవుతుంది. ఇంకా కిందికి, సున్నాకు ఏడెనిమిది డిగ్రీల కిందికి వెళ్తే బండి కదిలించవద్దు, రబ్బరు పగలొచ్చు అని తయారీదారులే హెచ్చరిస్తారు. అలాంటి టైరు ఎంత కొత్తదైతే ఏం లాభం? గీతలు నిండుగా ఉంటాయి, మంచు మీద మాత్రం సబ్బు బిళ్లలా జారుతుంది.

మీ అబ్బాయి బండికి ఏ టైర్లున్నాయో నాకు తెలియదు. జూన్‌లో కొన్నాడు, బండితో వచ్చిన టైర్లే అయి ఉంటాయి, పైగా జీటీ. నా అనుమానం సమ్మర్ టైర్లనే. లేదా ఆల్ సీజన్ అనే రకం కావచ్చు. ఆ పేరు చూసి అన్ని కాలాలకూ పనికొస్తుందని నేనూ నమ్మాను, ఆ చౌరస్తా మధ్యలో తేలాను. బఫెలో లాంటి చోట నమ్మాల్సింది వింటర్ టైరును. దాని పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, ఆ కొండ లోపల మంచు రేకు గుర్తు ఉంటుంది. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు మాత్రమే ఉంటే సరిపోదు, అవి గీతల ఆకారం గురించే చెబుతాయి. వింటర్ టైరు రబ్బరు చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని మీద వందల సన్నని కోతలుంటాయి, అవి మంచును కరిచి పట్టుకుంటాయి. పక్క దేశం కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఇవి లేకుండా కారు నడపడం చట్టవిరుద్ధం. బఫెలో ఉన్న న్యూయార్క్‌లో అలాంటి చట్టం లేదు. అందుకే కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఎవరో ఒకరు చెప్పేదాకా తెలియదు.

వేస్తే నాలుగూ వేయాలి. తోసేవి వెనక చక్రాలే కదా అని వెనక రెండే వేస్తే, బండి కదలడం బాగానే కదులుతుంది, ముందు చక్రాలు మాత్రం ఆగవు, తిరగవు. చిన్న రిమ్ములు, కాస్త సన్నని టైర్లు వేసుకోవడం ఇంకా మేలు. వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది, సన్నది మంచును కోసుకుని కిందికి దిగుతుంది. రిమ్ములతో కలిపి సెట్టు వెయ్యి నుంచి పదిహేను వందల డాలర్ల దాకా అవుతుంది. మూడు నాలుగు చలికాలాలు వస్తుంది. ఆ కాలమంతా పాత టైర్లు అరగకుండా పక్కన ఉంటాయి కాబట్టి అదంతా అదనపు ఖర్చు కూడా కాదు.

ఇసుక బస్తాల సంగతి. ఇది మీరు గాల్లోంచి తీసిన మాట కాదు. వెనక తేలికగా ఉండే పికప్ ట్రక్కుల్లో అక్కడివాళ్లు కూడా వేస్తారు. మస్టాంగ్ డిక్కీ మాత్రం చాలావరకు ఇరుసు దాటాక ఉంటుంది. అక్కడ బరువు పెడితే తోక జారడం మొదలయ్యాక ఆ బరువే లోలకంలా ఇంకా బలంగా లాగుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆపాల్సిన బరువూ పెరుగుతుంది. గుద్దుకుంటే కట్టని బస్తా ముందుకు దూకుతుంది, వెనక సీట్లో మీ ఇంటావిడ కూర్చుని ఉండొచ్చు. చిన్న సంచెడు ఇసుక మాత్రం డిక్కీలో ఉంచుకోమనండి, చక్రం ఇరుక్కుంటే కింద చల్లడానికి పనికొస్తుంది. దానితోపాటు ఒక పార, దుప్పటి, టార్చిలైటు కూడా.

మీ బావమరిదిగారి సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చిందే. కానీ డల్లాస్ చలికాలం, బఫెలో చలికాలం ఒకటి కావు. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందితే బండి బాగా కదులుతుంది, ఎత్తు బాగా ఎక్కుతుంది. ఆగడానికి మాత్రం అది ఏమీ చేయదు, ఎందుకంటే ఏ బండికైనా బ్రేకు నాలుగు చక్రాలకే. మంచి వింటర్ టైర్లున్న వెనక చక్రాల బండి, మామూలు టైర్లున్న నాలుగు చక్రాల డ్రైవ్ బండి కన్నా మంచు మీద ముందే ఆగుతుంది. నేను అక్కడ చూసిన ఒక సంగతి చెబుతాను. పెద్ద మంచు పడ్డ మర్నాడు హైవే పక్క గుంటల్లో ఎస్‌యూవీలు ఎన్నో కనిపించేవి. తేలిగ్గా కదులుతుంది కదా అని వేగంగా వెళ్లినవాళ్లవి.

అంటే మస్టాంగ్‌ను చలికాలమంతా నడపొచ్చా? ఇప్పుడు మీ ముందున్న దారులు ఒక్కొక్కటి చెబుతాను. ఏది మంచిదో నిర్ణయించేది వాళ్లిద్దరే.

మొదటి దారి, బండి ఉంచుకుని నాలుగు వింటర్ టైర్లు వేయించడం. ఉప్పు చల్లి శుభ్రం చేసిన రోడ్ల మీద, నెమ్మదిగా, రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి ఇది సరిపోతుంది. అక్కడ చాలామంది అలాగే చేస్తారు. ఆ బండిలో మంచుకూ తడికీ వేరే డ్రైవింగ్ మోడ్ ఉంది. అది పెట్టుకుంటే యాక్సిలరేటర్ మెత్తబడుతుంది. జారుడును పసిగట్టి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడల్ నుంచి అక్కడ అన్ని కార్లకూ తప్పనిసరి, కాబట్టి ఇందులోనూ ఉంటుంది. ఆ కంప్యూటర్ ఉన్న పట్టును సరిగా వాడగలదు, లేని పట్టును తేలేదు. బండి కింది ఎత్తు మాత్రం ఐదారు అంగుళాలే. ఆపైన మంచు ఉంటే బండి పొట్ట మంచు మీద కూర్చుంటుంది, చక్రాలు గాల్లో తిరిగినట్టు తిరుగుతాయి, ఏ టైరూ ఏమీ చేయలేదు. సున్నాకు 9 డిగ్రీల కిందికి దిగితే మామూలు ఉప్పు కూడా సరిగా పనిచేయదు. కాబట్టి ఈ దారిలో వెళ్తే, కొన్ని రోజులు బండి అసలు తీయకూడదన్న ఒప్పందం ఇంట్లో ఉండాలి.

ఆ ఒప్పందం బఫెలోలో ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఊరు ఈరీ సరస్సు తూర్పు కొసన ఉంటుంది. సరస్సు గడ్డకట్టక ముందు దాని పొడవునా వచ్చే చలిగాలి నీటి ఆవిరిని పీల్చుకుని ఊరి మీద మంచుగా కుమ్మరిస్తుంది. ఒక పట్టీలా పడుతుంది. ఒక పేటలో ఎండ, పది మైళ్ల దూరంలో మోకాలి లోతు. 2022 నవంబరులో ఊరికి దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్క్ వైపు కొద్ది రోజుల్లోనే ఆరున్నర అడుగుల మంచు పడింది. అదే ఏడాది క్రిస్మస్ రోజుల్లో వచ్చిన తుఫానులో ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో కొందరు బండ్లలోనే చిక్కుకుపోయినవాళ్లు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. అలాంటి తుఫాను ముందుగా తెలుస్తుంది, ప్రభుత్వం ప్రయాణాలు నిషేధిస్తుంది. ఆ రోజు ఏ కారులోనూ వెళ్లకూడదు. ఒకవేళ ఎక్కడైనా ఇరుక్కుంటే ఇంజన్ ఆన్ చేసే ముందు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి. లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది. ఇదొక్కటి మాత్రం కోడలికి కూడా తెలిసి ఉండాలి.

రెండో దారి, మస్టాంగ్‌ను ఏప్రిల్ దాకా షెడ్డులో పెట్టి, చలికాలానికి ఒక పాత చిన్న బండి తీసుకోవడం. అక్కడ ఇది చాలా మామూలు. మీ అబ్బాయి ప్రేమించి కొనుక్కున్న బండికి కూడా ఇది మంచిది, రోడ్డు మీది ఉప్పు ఇనుమును తినేస్తుంది. దీనికయ్యేవి రెండో బండి ధర, దాని ఇన్సూరెన్సు, షెడ్డు అద్దె. డబ్బు మిగుల్చుకోవడానికి మస్టాంగ్ ఇన్సూరెన్సు తీసేయాలనుకుంటే జాగ్రత్త పడాలి. న్యూయార్క్‌లో ముందు నంబర్ ప్లేట్లు తిరిగి ఇచ్చి, ఆ తర్వాతే లయబిలిటీ ఇన్సూరెన్సు (మన థర్డ్ పార్టీ లాంటిది) రద్దు చేసుకోవాలి. వరుస తప్పితే రిజిస్ట్రేషన్ సస్పెండ్ అవుతుంది. రెండో బండికి కూడా వింటర్ టైర్లు కావాలని మళ్లీ చెప్పనక్కర్లేదనుకుంటాను.

మూడోది మీరు అడిగింది, అమ్మేయడం. తప్పేమీ కాదు. కానీ డిసెంబరులో బఫెలోలో స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు తక్కువ, వసంతంలో ఎక్కువ. బండి మీద ఇంకా అప్పు ఉంటే, వచ్చిన డబ్బు ఆ అప్పుకు సరిపోకపోవచ్చు. పైగా మీరు పట్టుబట్టి అమ్మిస్తే బండి పోతుంది, కోపం ఉంటుంది. 6 లక్షలు పంపడం గురించి కూడా ఇక్కడే నా అభిప్రాయం చెబుతాను. అది మీ చివరి ఆసరా. అడగకుండా పంపితే "నీకు చేతకాదు" అన్నట్టు వాడికి వినిపిస్తుంది. ఏదైనా ఇవ్వాలనిపిస్తే నాలుగు టైర్ల ఖర్చు నేనిస్తాను అనండి. పుట్టబోయే బిడ్డకు తాత ఇచ్చే మొదటి కానుక అనుకోండి. అది ఇవ్వడానికీ బాగుంటుంది, పుచ్చుకోవడానికీ బాగుంటుంది.

మీ ఉత్తరంలో మీరు రాయని ఒక సంగతి ఉంది అన్నయ్యగారూ. మంచు కన్నా అదే ఈ బండి కథ తేల్చేస్తుందని నా నమ్మకం. మస్టాంగ్‌కు రెండే తలుపులు. ముందు సీటు వంచి, వంగి వెనక్కి దూరాలి. జనవరిలో వెళ్లే వదినగారు ఈ వయసులో ఎలా ఎక్కుతారు? పుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని కారులో వెళ్లడం అక్కడ కుదరదు. రెండేళ్లు నిండేదాకా వెనక్కి తిరిగి ఉండే సీట్లో కట్టాలని న్యూయార్క్‌లో 2019 నుంచి చట్టం ఉంది. ఆ సీటు మస్టాంగ్ వెనక పడితే ముందు సీటు బాగా ముందుకు జరపాలి, పొడుగు మనిషి కూర్చోలేడు. ఫిబ్రవరి చలిలో, పురుడైన ఒంటితో, ఆ ఇరుకులోకి వంగి బిడ్డను ఎవరు కట్టగలరు? ఈ ప్రశ్న మీ అబ్బాయి ముందుకు ఎలాగూ వస్తుంది. బహుశా ఇప్పటికే వచ్చి ఉంటుంది. మీరు అమ్మేయమన్నందువల్ల ఇప్పుడు తానే ఆ మాట అంటే ఓడిపోయినట్టవుతుందని ఆగి ఉండొచ్చు. నా ఊహే ఇది. కానీ మీరు ఆ మాట వెనక్కి తీసుకుంటే వాడికి ఆలోచించుకోవడానికి చోటు దొరుకుతుంది.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి. నొప్పులు ఏ అర్ధరాత్రో మొదలైతే, బయట మంచు కురుస్తుంటే, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? ఎత్తుగా ఉన్న బండి, వింటర్ టైర్లు ఉన్న స్నేహితుడు ఒకరు దగ్గర్లో ఉన్నారా? ఆయనతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకున్నారా? ఎవరూ లేకపోతే అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేయాలి, సొంతంగా సాహసం చేయకూడదు. మీరు బండి గురించి గట్టిగా అడగాల్సింది ఏదైనా ఉందంటే ఈ ఒక్కటే. దీనికి మాత్రం మొహమాటపడకండి.

ఇక మీ ఇద్దరి సంగతి. "నీకేం తెలుసు" అన్న మాట మీకు ఎక్కడ గుచ్చుకుందో అర్థమైంది. 31 ఏళ్లు వేలమందిని భద్రంగా దించిన మనిషిని సొంత కొడుకు అన్న మాట అది. వాడు అన్నది తప్పు. మంచు గురించి మీకు తెలియకపోవచ్చు, జారుడు గురించి మీకు తెలిసినంత వాడికి తెలియదు. తొలకరి పడ్డ మొదటి అరగంటలో, రోడ్డు మీది డీజిలు, దుమ్ము కలిసి జిడ్డుగా అయినప్పుడు మీరెలా నడిపారు? బ్రేకును తన్నలేదు, మెత్తగా అదిమారు. ముందు బండికి దూరం పెంచారు. వంపులోకి వెళ్లకముందే వేగం తగ్గించారు, వంపులో ఏ పెడలూ గట్టిగా తొక్కలేదు. శ్రీశైలం ఘాట్‌లో దోమలపెంట దాటాక ఎలా దిగారో అలాగే. మంచు మీద నడపడమంటే చాలావరకు ఇదే, పది రెట్లు మెల్లగా. వెనక భాగం కుడికి జారితే స్టీరింగ్ కూడా కుడికే తిప్పాలి, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయాలి, బ్రేకు జోలికి పోకూడదు, చూపు గుద్దుకోబోయే గట్టు మీద కాకుండా వెళ్లాల్సిన దారి మీద ఉండాలి. ఘాట్‌లో మీరు గేరు తగ్గించి ఇంజన్‌తో బండిని ఆపుతారు. ఇది ఒక్కటి మాత్రం అక్కడ అలాగే చేయకూడదు. మంచు మీద ఒక్కసారిగా గేరు దించితే వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి. మీ వృత్తిలో నేర్చుకున్న దానికి ఇది వ్యతిరేకంగా ఉంటుంది కాబట్టే విడిగా రాశాను.

ఇవి ఫోన్‌లో చెబితే రావు. ఆదివారం పొద్దున ఏదైనా ఖాళీ పార్కింగ్ స్థలంలో, వింటర్ టైర్లు వేయించాక, కావాలని పదిహేను మైళ్ల వేగంతో బండిని జారనిచ్చి నేర్చుకోవాలి. నేను ఆ చౌరస్తా అనుభవం తర్వాత చేసింది అదే. రెండు గంటలు పట్టింది, ఆ తర్వాత ఏడు చలికాలాలు నడిచాయి. ఆ రెండు గంటలూ మీరు వీడియో కాల్‌లో ఉండొచ్చు. కోడలిని మాత్రం ఆ బండిలో ఎక్కించవద్దనండి.

నా మొగ్గు ఎటో దాచను. ఈ వారమే వింటర్ టైర్లు, మంచు ఎక్కువున్న రోజు ఇంటి నుంచే పని, బండి ఉంచాలా మార్చాలా అన్నది వాళ్లిద్దరూ బిడ్డ సీటు ముందు పెట్టుకుని నిర్ణయించుకోవడం. కానీ వాళ్ల జీతం, అప్పు, ఆఫీసు దూరం నాకు తెలియవు. ఇవన్నీ తెలిసిన వాళ్లు రెండో దారి ఎంచుకుంటే అది నా మాట కన్నా మంచిదే కావచ్చు.

కోడలి గురించి ఒక మాట. ఆ అమ్మాయి అత్తగారిని నమ్మి చెప్పింది, దానికి ఇంట్లో మాట పడింది. మళ్లీ ఏదైనా జరిగితే ఎవరికీ చెప్పదు. అబ్బాయితో మాట్లాడేటప్పుడు "అమ్మాయి చెప్పడం తప్పు కాదు, నేను అరవడం తప్పు" అని మీ నోటితో వాడికి చెప్పండి. అమ్మాయికి వదినగారు ఒక్కరే ఫోన్ చేసి, బండి మాట ఎత్తకుండా, ఏం తినాలనిపిస్తోందో అడిగితే చాలు.

ఆదివారం ఉదయం ఏడున్నరకు చేయండి. వాళ్లకు శనివారం రాత్రి తొమ్మిది, ఇంట్లోనే ఉంటారు. అమ్మేయమని నేనన్న మాట వదిలేయ్ నాన్నా అనండి. ఆ రోజు బండి తిరిగినప్పుడు ఎలా అనిపించిందో అడిగి, వాడు చెప్పేదాకా ఆగండి. వాడు చెప్పడం అయ్యాక, టార్చిలైటు తీసుకుని కిందికి వెళ్లి టైరు పక్క గోడ మీద ఏ గుర్తుందో చూసి ఫొటో పంపమనండి. కొండ, మంచు రేకు కనిపించకపోతే ఏం చేయాలో ఇప్పుడు మీ ఇద్దరికీ తెలుసు. ఆ ఫొటో నాకూ పంపండి, చూసి మళ్లీ రాస్తాను.